టచ్‌స్టోన్ దత్తాంశ ఫైలు రూపం – విరళ మాత్రికల సమస్య: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అధిక పౌనఃపున్యాల వద్ద పనిచేసే విద్యుత్ జాలాల పరామితులను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొక సాఫ్ట్‌వేర్‌కు చేరవేయడానికి 1980ల మధ్యకాలం నుంచి వాడుకలో ఉన్న ఫైలు రూపం టచ్‌స్టోన్. రెండు పోర్టుల ట్రాన్సిస్టరు కొలతలకు అనువుగా ఏర్పడిన ఈ రూపం నేడు వంద పోర్టులకు మించిన జాలాలను కూడా మోయవలసి వస్తున్నది. అటువంటి ఫైళ్లలో అధికభాగం సున్నకు అతి సమీపంగా ఉండే విలువలే. వాటిని రాయకుండా వదిలిపెట్టే ఏర్పాటు విద్యుత్ సరఫరా జాలాల రంగంలో 1960ల నుంచే ఉన్నది. టచ్‌స్టోన్‌లో మాత్రం అది తేలికగా కుదరలేదు. ఇందుకు కారణం ఫైలు పరిమాణం కన్నా, 'రాయని విలువకు అర్థమేమిటి' అన్న ప్రశ్నలోనే ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: టచ్‌స్టోన్, పరిక్షేపణ మాత్రిక, విరళ మాత్రిక, దత్తాంశ ఫైలు రూపం, పోర్టు, పాసివ్ జాలం.

1. ఉపోద్ఘాతం

విజ్ఞానశాస్త్ర చరిత్రలో సిద్ధాంతాలకు, పరికరాలకు దక్కిన స్థానం ఫైలు రూపాలకు దక్కలేదు. ఒక కొలతను ఏ వరుసలో రాయాలి, ఏ గుర్తుతో మొదలుపెట్టాలి, ఎక్కడ ముగించాలి అన్న నియమాలు గుమాస్తా పనిగా కనిపిస్తాయి. కాని ఆ నియమాలను ఒకసారి లక్షలాది ఫైళ్లు అనుసరించాక, వాటిని మార్చడం సిద్ధాంతాన్ని మార్చడం కన్నా కష్టమవుతుంది. టచ్‌స్టోన్ చరిత్ర ఇందుకు మంచి ఉదాహరణ.

పరిభాష గురించి ఒక మాట. అధికభాగం సున్నలే ఉండే మాత్రికను ఈ వ్యాసంలో 'విరళ మాత్రిక' అంటున్నాను. 'అరుదైన' అన్న మాట ఇక్కడ పొసగదు. అరుదు అన్నప్పుడు మాత్రికే అరుదుగా దొరుకుతుందన్న అర్థం వస్తుంది. పలుచగా, ఎడం ఎడంగా ఉండడమే విరళత. 'స్కాటరింగ్' అన్నదానికి భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో స్థిరపడిన 'పరిక్షేపణం' అన్న మాటనే వాడుతున్నాను.

2. పరిక్షేపణ మాత్రిక: భౌతికశాస్త్రం నుంచి ప్రయోగశాల బల్ల మీదికి

తక్కువ పౌనఃపున్యాల వద్ద ఒక జాలాన్ని వర్ణించడానికి వోల్టేజి, కరెంటు చాలు. ఒక కొసను తెరిచి ఉంచి, లేదా షార్టు చేసి రెండో కొస వద్ద కొలిస్తే సరిపోతుంది. పౌనఃపున్యం వందల మెగాహెర్ట్జ్ దాటాక ఈ పద్ధతి విఫలమవుతుంది. తెరిచిన కొస నిజంగా తెరిచినట్లు ఉండదు, షార్టు చేసిన తీగె షార్టుగా ప్రవర్తించదు. పైగా అటువంటి స్థితిలో ట్రాన్సిస్టర్లు తమంతట తామే డోలనాలకు దిగుతాయి. అందుచేత వోల్టేజి, కరెంటులకు బదులు జాలంలోకి వెళ్లే తరంగాన్ని, బయటికి వచ్చే తరంగాన్ని కొలిచి, వాటి నిష్పత్తులను నమోదు చేసే పద్ధతి వచ్చింది. ఆ నిష్పత్తుల పట్టికే పరిక్షేపణ మాత్రిక.

ఈ భావన మొదట కేంద్రక భౌతికశాస్త్రంలో 1937లో జాన్ వీలర్ రచనలోను, 1943లో హైసెన్‌బర్గ్ రచనలోను కనిపిస్తుంది. విద్యుత్ జాలాలకు దీన్ని అన్వయించినవారిలో బెల్జియానికి చెందిన విటోల్డ్ బెలెవిచ్ ముఖ్యుడు. ఆయన సిద్ధాంతగ్రంథం 1945 నాటిది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో రాడార్ పరిశోధన సాగించిన ఎంఐటి రేడియేషన్ ల్యాబొరేటరీ గ్రంథమాలలో, 1948లో వెలువడిన మైక్రోవేవ్ వలయాల సంపుటం ఇంజనీర్లకు దీన్ని పరిచయం చేసింది. 1965లో కనెయుకి కురొకవా ప్రచురించిన పత్రం సామర్థ్య తరంగాల పరంగా ఈ మాత్రికకు గట్టి పునాది వేసింది. 1967లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 8410 నెట్‌వర్క్ ఎనలైజరును విడుదల చేశాక పరిక్షేపణ పరామితులు సిద్ధాంతగ్రంథాల్లోంచి ప్రయోగశాల బల్ల మీదికి వచ్చాయి.

ఆ కాలపు పరికరాలు ఒకసారికి రెండు పోర్టులనే చూడగలిగేవి. కొలవవలసిన వస్తువు సాధారణంగా ట్రాన్సిస్టరు. ఒక పౌనఃపున్యం వద్ద దాన్ని వర్ణించడానికి నాలుగు సంకీర్ణ సంఖ్యలు కావాలి. ప్రవేశం వద్ద ప్రతిఫలనం ఎస్11, ముందుకు ప్రసారం ఎస్21, వెనక్కి ప్రసారం ఎస్12, నిర్గమం వద్ద ప్రతిఫలనం ఎస్22. ట్రాన్సిస్టరు తయారీదారుల దత్తాంశ పత్రాల్లో ఈ నాలుగూ సరిగ్గా ఈ వరుసలోనే అచ్చయ్యేవి. ఈ వరుసకు తరవాత జరిగిన కథలో ప్రాధాన్యం ఉన్నది.

3. స్థానమే అర్థమైన ఫైలు

1983లో కాలిఫోర్నియాలో స్థాపితమైన ఈఈసాఫ్ అనే సంస్థ, మరుసటి ఏడాది ఐబిఎం పర్సనల్ కంప్యూటరు మీద నడిచే మైక్రోవేవ్ వలయ విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌ను 'టచ్‌స్టోన్' పేరిట విడుదల చేసింది. టచ్‌స్టోన్ అంటే గీటురాయి. ఆ సాఫ్ట్‌వేర్ నేడు వాడుకలో లేదు. సంస్థ 1993లో హ్యూలెట్ ప్యాకర్డ్‌లో కలిసిపోయింది. ఆ విభాగం ఆపైన ఎజిలెంట్‌కు, 2014 నుంచి కీసైట్‌కు చెందింది. ఇన్ని చేతులు మారినా, ఆ సాఫ్ట్‌వేర్ తన దత్తాంశాన్ని చదువుకోవడానికి వాడిన ఫైలు రూపం మాత్రం రంగమంతటికీ ఉమ్మడి భాష అయి మిగిలింది.

దాని నిర్మాణం చాలా సరళం. ఆశ్చర్యార్థక గుర్తుతో మొదలయ్యేది వ్యాఖ్య. హాష్ గుర్తుతో మొదలయ్యే ఒక పంక్తి ఐదు విషయాలను చెబుతుంది: పౌనఃపున్యానికి ప్రమాణం, పరామితి రకం, సంకీర్ణ సంఖ్యను రాసే తీరు, 'ఆర్' అన్న అక్షరం, దాని వెంట ఆధార అవరోధం. ఏమీ చెప్పకపోతే గిగాహెర్ట్జ్, ఎస్ పరామితులు, పరిమాణం-కోణం, 50 ఓములు అని భావించాలి. ఆ తరవాత అన్నీ అంకెలే. ఒక పౌనఃపున్యం, దాని వెంట మాత్రికలోని విలువలు, మళ్లీ పౌనఃపున్యం, మళ్లీ విలువలు.

ఇందులో మూడు విశేషాలను గమనించాలి. ఒకటి, ఎన్ని పోర్టులున్నాయో ఫైలు లోపల ఎక్కడా ఉండదు. ఫైలు పేరు చివర ఉండే 'ఎస్2పి', 'ఎస్4పి' వంటి తోకలోనే ఆ సంఖ్య ఉంటుంది. పేరు మారితే అర్థమే మారిపోతుంది. రెండు, రెండు పోర్టుల ఫైలులో విలువలు ఎస్11, ఎస్21, ఎస్12, ఎస్22 వరుసలో, అంటే నిలువు వరుసల క్రమంలో ఉంటాయి. మూడు, అంతకు మించిన పోర్టుల ఫైళ్లలో అడ్డు వరుసల క్రమంలో ఉంటాయి. ఈ అసంగతత్వానికి మూలం ట్రాన్సిస్టరు పత్రాల అచ్చు సంప్రదాయమే అయి ఉండాలని నా అభిప్రాయం. గణితం తెలిసినవారెవరూ కావాలని ఇలా ఏర్పాటు చెయ్యరు. మూడవ విశేషం రెండు పోర్టుల ఫైళ్లకు అనుబంధంగా వచ్చే నాయిస్ దత్తాంశానికి సంబంధించింది కూడా. దానికి శీర్షిక ఉండదు. పెరుగుతూ వస్తున్న పౌనఃపున్యం హఠాత్తుగా తగ్గితే, అక్కడినుంచి నాయిస్ భాగం మొదలైనట్లు చదివే సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాలి.

ఈ మూడింటి వెనుక ఉన్న సూత్రం ఒక్కటే. టచ్‌స్టోన్‌లో సంఖ్యకు అర్థం దాని స్థానాన్ని బట్టి వస్తుంది. పోర్టుల సంఖ్య ఎన్ అయితే, చదివే సాఫ్ట్‌వేర్ ఒక పౌనఃపున్యం తరవాత ఎన్ వర్గానికి రెట్టింపు సంఖ్యలను లెక్కపెట్టుకుంటూ పోతుంది. మధ్యలో ఒక్క సంఖ్య జారిపోతే తరువాతివన్నీ ఒక్కో స్థానం ముందుకు జరుగుతాయి. తరువాతి పౌనఃపున్యం కాస్తా ఏదో ప్రసారపు విలువగా లెక్కలోకి పోతుంది. ఇటువంటి ఫైలులో 'ఇది సున్న కనుక రాయనక్కరలేదు' అనే అవకాశం పుట్టుకతోనే లేదు.

నాలుగు విలువల ట్రాన్సిస్టరుకు దీనివల్ల ఇబ్బందేమీ లేదు. ఆ నాలుగింటిలో వదిలిపెట్టదగినది ఒక్కటీ ఉండదు.

4. విద్యుత్ సరఫరా జాలాల్లో విరళత

ఇదే కాలానికి కొంచెం ముందు, పూర్తిగా వేరే రంగంలో దీనికి భిన్నమైన సంప్రదాయం ఏర్పడింది. మన రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎలక్ట్రికల్ శాఖ విద్యార్థులు బస్ అడ్మిటెన్స్ మాత్రికను, ఎలక్ట్రానిక్స్ శాఖ విద్యార్థులు పరిక్షేపణ మాత్రికను చదువుతారు. రెండూ విద్యుత్ జాలాన్ని వర్ణించే మాత్రికలే అయినా రెండు తరగతుల్లోనూ వాటిని పక్కపక్కన పెట్టి చూపే సందర్భం తక్కువ.

విద్యుత్ సరఫరా జాలంలో ఒక సబ్‌స్టేషను సాధారణంగా మూడు నాలుగు సబ్‌స్టేషన్లతోనే నేరుగా కలిసి ఉంటుంది. వెయ్యి బస్సులున్న జాలానికి అడ్మిటెన్స్ మాత్రికలో పది లక్షల స్థానాలున్నా, నిండేవి కొన్ని వేలు మాత్రమే. అమెరికాలోని బానవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్‌లో పనిచేసిన విలియం టిన్నీ, నొబువో సాటోతో కలిసి 1963లోను, జాన్ వాకర్‌తో కలిసి 1967లోను ప్రచురించిన పత్రాలు ఈ లక్షణాన్ని గణనకు వినియోగించే మార్గం చూపాయి. సమీకరణాలను ఏ క్రమంలో సాధిస్తే కొత్తగా నిండే స్థానాలు తక్కువవుతాయో నిర్ణయించుకుని, సున్నలను నిల్వ చేయకుండా, గుణించకుండా ముందుకు పోవడం ఇందులో కీలకం. ఈ ఆలోచనకు మరో పాయ ఆర్థికశాస్త్రం నుంచి వచ్చింది. షేర్ల పెట్టుబడి సిద్ధాంతానికి 1990లో నోబెల్ బహుమతి పొందిన హ్యారీ మార్కొవిట్జ్ 1957లోనే ఈ దిశగా ఒక పద్ధతి ప్రతిపాదించాడు.

ఫైలు రూపం కూడా అదే దారిలో నడిచింది. లోడ్ ఫ్లో ఫలితాలను సంస్థలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఐఈఈఈ వారి ఉమ్మడి రూపం 1973లో ప్రచురితమైంది. అందులో మాత్రిక అసలే ఉండదు. మొదట బస్సుల జాబితా, ఆ తరవాత శాఖల జాబితా ఉంటాయి. ఒక్కో శాఖకు ఒక పంక్తి: ఈ బస్సు నుంచి ఆ బస్సుకు, నిరోధం ఇంత, రియాక్టెన్స్ ఇంత. జాబితా ముగిసిందనడానికి -999 అన్న గుర్తు. విద్యార్థులందరికీ పరిచయమైన 14 బస్సుల ఉదాహరణ 1962 నాటి ఒక అమెరికన్ సరఫరా వ్యవస్థలోని భాగం. అందులో 20 శాఖలున్నాయి. అడ్మిటెన్స్ మాత్రికలోని 196 స్థానాల్లో నిండేవి 54. ఫైలులో ఉన్నవి 20 పంక్తులే. మిగిలిన స్థానాల గురించి ఎవరూ అడగరు. తీగె లేదు కనుక పంక్తి లేదు, అంతే.

గణిత శాస్త్రజ్ఞులు ఆ తరవాత దీన్ని సాధారణీకరించారు. డఫ్, గ్రైమ్స్, లూయిస్ 1989లో వివరించిన హార్వెల్-బోయింగ్ రూపం, అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ నుంచి 1996లో వెలువడిన మాట్రిక్స్ మార్కెట్ రూపం ఈ కోవలోవి. మాట్రిక్స్ మార్కెట్‌లో ప్రతి విలువ ముందూ దాని అడ్డు వరుస సంఖ్య, నిలువు వరుస సంఖ్య ఉంటాయి. టచ్‌స్టోన్‌లో స్థానం చేసే పనిని ఇక్కడ చిరునామా చేస్తుంది. చిరునామా లేని స్థానం సున్న అని నిర్వచనంలోనే ఉన్నది.

ఇంత సిద్ధంగా ఉన్న పరిష్కారాన్ని టచ్‌స్టోన్‌కు ఎందుకు అతికించలేదు అన్న ప్రశ్న సహజం. దీనికి జవాబు రెండు మాత్రికల స్వభావంలో ఉన్నది. అడ్మిటెన్స్ మాత్రిక జాలంలోని అన్ని కూడళ్లనూ చూపిస్తుంది. దాని విలోమమైన అవరోధ మాత్రికను తీస్తే, జాలం ఒకే ముక్కగా ఉన్నంతవరకు సాధారణంగా ప్రతి స్థానమూ నిండిపోతుంది. కాశ్మీరులో లోడు మారితే కన్యాకుమారిలో వోల్టేజి అణుమాత్రమైనా మారుతుంది కదా! పరిక్షేపణ మాత్రిక ఈ రెండవ రకానికి చెందింది. అది లోపలి కూడళ్లను దాచి, బయటి పోర్టులను మాత్రమే చూపిస్తుంది. లోపలి కూడళ్లను తొలగించే కొద్దీ మిగిలినవాటి మధ్య కొత్త సంబంధాలు ఏర్పడతాయని గేబ్రియల్ క్రాన్ పద్ధతి తెలిసినవారికి తెలుసు. కాబట్టి విరళత జాలానికి ఉన్న గుణం మాత్రమే కాదు, దాన్ని వర్ణించే తీరుకు ఉన్న గుణం కూడా. ఒకే జాలం ఒక వర్ణనలో విరళంగా, మరొక వర్ణనలో నిండుగా కనిపిస్తుంది.

5. పోర్టులు పెరిగిన కాలం

1990ల తరవాత పరిక్షేపణ మాత్రికను వాడేవారు మారారు. కంప్యూటరు బోర్డుల మీద సంకేతాల వేగం పెరగడంతో, రాగి గీతలు, కనెక్టర్లు, చిప్ ప్యాకేజీలు కూడా మైక్రోవేవ్ వస్తువులయ్యాయి. 1993లో ఇంటెల్ చొరవతో మొదలైన ఐబిస్ ఓపెన్ ఫోరం చిప్పుల ప్రవేశ, నిర్గమ వలయాల నమూనాలకు ప్రమాణాలు రూపొందించే వేదిక. టచ్‌స్టోన్ రూపాన్ని ప్రమాణపత్రంగా రాసి పెట్టే బాధ్యత కాలక్రమంలో దాని చేతికి వచ్చింది.

కంప్యూటరు మెమరీకి వెళ్లే 64 దత్తాంశ గీతలను తీసుకుందాం. ఒక్కో గీతకు రెండు కొసలు, అంటే 128 పోర్టులు. మాత్రికలో 16,384 స్థానాలు. 1,000 పౌనఃపున్యాలకు లెక్కకడితే 1,63,84,000 సంకీర్ణ సంఖ్యలు, అంటే ఫైలులో 3 కోట్ల 27 లక్షలకు పైగా సంఖ్యలు. ఒక్కో సంఖ్యకు 12 అక్షరాలు వేసుకున్నా 39 కోట్ల అక్షరాలు దాటుతాయి. ప్రతి గీతకూ తనకు ఇరుపక్కలా ఉన్న గీతతో మాత్రమే చెప్పుకోదగిన సంబంధం ఉన్నదనుకుంటే, ఆ 16,384 స్థానాల్లో నిజంగా చూడవలసినవి 760. మిగిలినవన్నీ అతి స్వల్పమైన విలువలు.

2009 ఏప్రిల్ 24న ఆమోదం పొందిన టచ్‌స్టోన్ 2.0 ఈ పరిస్థితికి ఫోరం ఇచ్చిన సమాధానం. చదరపు కుండలీకరణాల్లో ఉండే కీలకపదాలు ఇందులో ప్రవేశించాయి. పోర్టుల సంఖ్య ఫైలు లోపలికి వచ్చింది. పౌనఃపున్యాల సంఖ్యను ముందే చెప్పాలన్న నియమం వచ్చింది. ఒక్కో పోర్టుకు వేర్వేరు ఆధార అవరోధం ఇచ్చే వీలు కలిగింది. నాయిస్ భాగానికి శీర్షిక దొరికింది. రెండు పోర్టుల ఫైలులో విలువలు ఏ క్రమంలో ఉన్నాయో తప్పనిసరిగా చెప్పాలన్న నియమం పెట్టారు. పాత తప్పును దిద్దలేదు, రెండు క్రమాలనూ అనుమతించి, ఏది వాడారో ఒప్పుకొమ్మన్నారు. ప్రమాణాలు రూపొందించేవారికి ఇంతకన్నా మంచి మార్గం సాధారణంగా ఉండదు.

మన చర్చకు ముఖ్యమైనది మాత్రిక రూపానికి సంబంధించిన కీలకపదం. దానికి మూడు విలువలుంటాయి: పూర్తి, దిగువ త్రిభుజం, ఎగువ త్రిభుజం. రాగి గీతలు, కనెక్టర్లు పరస్పరత కలిగిన జాలాలు. ఇటు నుంచి అటు ప్రసారం, అటు నుంచి ఇటు ప్రసారం సమానం. మాత్రిక సౌష్ఠవంగా ఉంటుంది కనుక సగం రాస్తే చాలు. 128 పోర్టులకు 16,384 బదులు 8,256 విలువలు. అంటే 2.0లో పొదుపు ఉన్నది, అయితే అది సుమారు సగం వద్దనే ఆగింది. 760 స్థానాల పొదుపు దాకా పోలేదు.

ఇక్కడ చరిత్రకారుడు ఆగి చూడవలసిన అంశం ఒకటి ఉన్నది. టచ్‌స్టోన్ చరిత్రలో మాత్రిక విలువలను రాయకుండా వదలడానికి అనుమతి లభించింది దీనితోనే. కాని ఆ వదిలిన చోటుకు అర్థం సున్న కాదు. 'అద్దంలో నా ఎదుటి విలువ ఎంతో నేనూ అంతే' అని దాని అర్థం. విరళ రూపాన్ని దీని మీద చేర్చితే, ఒకే ఫైలులో రాయని స్థానాలు రెండు రకాలవుతాయి. ఒకటి ఎదుటి విలువకు సమానం, రెండవది సున్న.

6. రాయనిది సున్నా?

తాళపత్ర ప్రతులను పరిష్కరించేవారు గ్రంథపాతాన్ని గుర్తుతో చూపిస్తారు. ఆకు విరిగి అక్షరాలు పోవడం వేరు, లేఖకుడు ఆ చోటు ఖాళీగా వదలడం వేరు, పద్యమే అక్కడితో ముగియడం వేరు. మూడింటినీ ఒకే ఖాళీగా అచ్చువేసిన పరిష్కర్త పాఠకుణ్ణి దారి తప్పిస్తాడు. పరిక్షేపణ మాత్రికలోని ఖాళీకి కూడా ఇటువంటి భేదాలున్నాయి.

రెండు జాలాలు పూర్తిగా విడిగా ఉండి, ఒకే ఫైలులో చేరితే వాటి మధ్య విలువ కచ్చితంగా సున్న. ఒక్కో పోర్టు ఆధార అవరోధాన్ని విడిగా మార్చినా అది సున్నగానే ఉంటుంది. ఇదొక్కటే విద్యుత్ సరఫరా రంగంలోని 'తీగె లేదు' అన్న మాటకు సాటి. అవరోధాలు సరిగ్గా పొసగినందువల్ల ప్రతిఫలనం సున్న కావడం వేరు. ఆధార అవరోధాన్ని 50 నుంచి 75 ఓములకు మార్చగానే ఆ సున్న మాయమవుతుంది. సంబంధం స్వల్పం కనుక వదలడం మూడవది. ఇందులో ఎంత స్వల్పమైతే వదలవచ్చు అన్న హద్దును ఎవరో నిర్ణయించారు, ఆ హద్దు తెలియకపోతే విలువ తెలియదు.

అసలు కొలవకపోవడం నాలుగవది. రెండు పోర్టుల పరికరంతో అనేక పోర్టుల వస్తువును కొలవాలంటే, మిగిలిన పోర్టులను సరిపడే లోడుతో మూసి, జతలు జతలుగా కొలుచుకుంటూ పోవాలి. 12 పోర్టులకు 66 జతలు. 128 పోర్టులకు 8,128 జతలు. అన్నింటినీ కొలిచే ఓపిక, సమయం ఎవరికీ ఉండవు. పక్కపక్క గీతల జతలను కొలిచి మిగిలినవి వదులుతారు. ఈ వదిలినవి సున్నలు కావు, తెలియనివి. అయినా పూర్తి మాత్రిక తప్ప మరేదీ ఒప్పుకోని ఫైలులో ఆ చోట ఏదో ఒక సంఖ్య వేయక తప్పదు కనుక, సున్న వేస్తారు. తెలియనిది తెలిసినట్లుగా మారేది సరిగ్గా ఇక్కడే. దీన్నిబట్టి చూస్తే విరళ రూపం కోరేవారి వాదనలో చోటు పొదుపు కన్నా బలమైన అంశం మరొకటి ఉన్నది. పూర్తి మాత్రిక రాయాలన్న నిర్బంధమే కొన్నిసార్లు అసత్యాన్ని రాయిస్తున్నది.

టచ్‌స్టోన్ లోపల సున్నకు ఉన్న స్థితి కూడా విచిత్రమైనదే. సంకీర్ణ సంఖ్యను వాస్తవ, కల్పిత భాగాలుగా రాస్తే సున్న రాయవచ్చు. డెసిబెల్-కోణం రూపంలో రాస్తే సున్న రాయడం అసాధ్యం, సున్నకు సంవర్గమానం లేదు కనుక. అప్పుడు చాలా పెద్ద రుణసంఖ్య వేసి సరిపెట్టుకోవాలి. అంటే ఒకే జాలం ఒక ఫైలులో సున్నగా, మరొక ఫైలులో 'దాదాపు సున్న'గా కనిపిస్తుంది. పరికరం తన నాయిస్ మట్టాన్ని కొలిచి రాసిన అతి చిన్న విలువకు, దీనికి తేడా చెప్పడానికి ఆ ఫైలులో ఆధారమేమీ ఉండదు.

7. చిన్న విలువను వదిలితే వచ్చే చిక్కు

స్వల్పమైనదాన్ని వదిలితే లెక్కలో స్వల్పమైన తప్పే వస్తుందని అనిపిస్తుంది. అన్నివేళలా అలా జరగదు. స్పష్టత కోసం ఒక పెద్ద విలువతోనే చూద్దాం. మూడు 50 ఓముల లైన్లు ఒక బిందువు వద్ద కలిశాయనుకుందాం. నష్టం లేని ఈ కూడలిలో ఒక్కో పోర్టు వద్ద ప్రతిఫలనం -1/3, మిగిలిన రెండు పోర్టులకు ప్రసారం 2/3 చొప్పున ఉంటాయి. సామర్థ్యం లెక్కలో 1/9, 4/9, 4/9 కలిసి సరిగ్గా 1. ఇప్పుడు మొదటి, రెండవ పోర్టుల మధ్య విలువను రెండు దిశల్లోనూ సున్న చేద్దాం. సౌష్ఠవం చెడలేదు. ప్రతి విలువా పాతదాని కన్నా చిన్నదో, సమానమో. అయినా మూడు పోర్టుల్లోకి తగిన నిష్పత్తిలో తరంగాలను పంపితే, బయటికి వచ్చే సామర్థ్యం లోపలికి పంపినదానికి సుమారు 1.63 రెట్లు అవుతుంది. రాగి తీగెల కూడలి కాగితం మీద విద్యుదుత్పత్తి కేంద్రమైపోయింది.

ఆచరణలో వదిలేవి ఇంత పెద్ద విలువలు కావు. ఐతే నష్టం అతి తక్కువగా ఉండే మంచి కనెక్టర్లలో, అతి స్వల్పమైన మార్పు కూడా ఆ 1 అన్న గీతను దాటించగలదు. గీత దాటిన నమూనాను కాలక్రమానుగత విశ్లేషణకు పంపితే, సంకేతం ఆరిపోవలసింది పోయి అంతూపొంతూ లేకుండా పెరిగే ప్రమాదం ఉన్నది. సున్న చేయడం అంటే సమాచారాన్ని తగ్గించడమే కాదు, ఒక కొత్త జాలాన్ని సృష్టించడం కూడా.

పౌనఃపున్యం మరొక చిక్కు తెస్తుంది. విద్యుత్ సరఫరా లెక్క 50 లేదా 60 హెర్ట్జ్ దగ్గర ఒక్కసారి చేసేది, అందులో మాత్రిక ఒక్కటే. టచ్‌స్టోన్ ఫైలులో ఒక్కో పౌనఃపున్యానికి ఒక్కో మాత్రిక ఉంటుంది. పక్క గీతతో సంబంధం 100 మెగాహెర్ట్జ్ వద్ద హద్దుకు లోపల, 10 గిగాహెర్ట్జ్ వద్ద హద్దుకు పైన ఉండవచ్చు. ఏ పౌనఃపున్యానికి ఆ పౌనఃపున్యం వద్దనే హద్దు చూసి వదిలితే, ఒక విలువ సున్నగా నడిచి నడిచి ఒక చోట ఎగిరి పడుతుంది. కారణం కార్యానికి ముందు ఉండాలన్న భౌతిక నియమం ఇటువంటి ఎగుడుదిగుళ్లను సహించదని క్రామర్స్, క్రోనిగ్‌ల పని 1920ల్లోనే చూపింది. కాబట్టి ఏ స్థానాలు వదలాలన్నది ఫైలు మొత్తానికి ఒక్కసారే నిర్ణయం కావాలి.

8. పక్క దారి, ప్రస్తుత స్థితి

పెద్ద ఫైళ్ల బాధ తప్పించుకోవడానికి కొందరు పట్టికనే వదిలిపెట్టారు. బ్యోర్న్ గుస్తావ్‌సెన్, ఆడమ్ సెమ్లిన్ 1999లో ప్రచురించిన వెక్టర్ ఫిటింగ్ పద్ధతి, వేల పౌనఃపున్యాల దత్తాంశాన్ని కొద్దిపాటి ధ్రువాలు, అవశేషాలుగా కుదించగలదు. ఇది పుట్టింది విద్యుత్ సరఫరా వ్యవస్థల్లోని క్షణిక ఘటనల అధ్యయనం కోసం. విరళత విషయంలో జరగని ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ జరిగింది. అయితే ఈ పద్ధతి పౌనఃపున్యాల సంఖ్యను తగ్గిస్తుందే గాని పోర్టుల వర్గాన్ని తగ్గించదు. పైగా అమరిక కొలత కాదు, కొలత మీద చేసిన వ్యాఖ్యానం. మూలప్రతి పారేసి వ్యాఖ్యానాన్ని మాత్రమే భద్రపరచడం పరిశోధకులకు రుచించే పని కాదు.

2024లో టచ్‌స్టోన్ 2.1 ఆమోదం పొందింది. మాత్రిక రూపానికి అందులోనూ పూర్తి, దిగువ, ఎగువ అన్న మూడు మాటలే. నాలుగవ మాటగా 'విరళం' చేరాలంటే కనీసం మూడు విషయాలు ఫైలు తలభాగంలో ఉండాలని పై చర్చనుబట్టి అనిపిస్తున్నది. నిండిన స్థానాల జాబితా అన్ని పౌనఃపున్యాలకూ ఒకటే అయి ఒక్కసారే రావాలి. వదిలిన స్థానాలు ఏ కారణంగా వదిలినవో, అంటే సంబంధం లేకనా, హద్దుకు లోబడా, కొలవకనా, ఫైలే చెప్పాలి. హద్దు ఉంటే దాని విలువ ఉండాలి. ఈ సమాచారాన్ని ఆశ్చర్యార్థక గుర్తు వెనుక వ్యాఖ్యగా దాచిపెట్టి పాత రూపాన్నే కొనసాగించాలన్న ప్రలోభం సహజంగా కలుగుతుంది. వ్యాఖ్యలను సాఫ్ట్‌వేర్ చదవదు. చదవని సాఫ్ట్‌వేర్ ఖాళీలన్నింటినీ మళ్లీ ఒకే సున్నగా నింపుతుంది.

పాత సాఫ్ట్‌వేర్ కొత్త ఫైలును చదవలేకపోవడం లోపమని సాధారణంగా భావిస్తారు. 2.0 ఫైలు మొదటి కీలకపదమే తన సంచిక సంఖ్యను ప్రకటిస్తుంది. చదరపు కుండలీకరణం తెలియని పాత సాఫ్ట్‌వేర్‌కు ఆ పంక్తి కొరుకుడు పడదు, అది అక్కడే ఆగిపోవాలి. ప్రతి సంఖ్యకూ స్థానాన్నిబట్టి అర్థం చెప్పుకునే రూపంలో, ఒక విరళ ఫైలును పాత సాఫ్ట్‌వేర్ తప్పుగా చదివి ముందుకు సాగడం కన్నా, మొదటి పంక్తి వద్దనే నిలిచిపోవడం నయం.